సీపీఎల్ ఉన్న పిల్లలకు దుండిగల్ ఎందుకింత దూరం? వైమానిక దళ నియామకాలు చూసేవారికి బహిరంగ లేఖ

రక్షణ మంత్రిత్వ శాఖ అధికారులకు, వైమానిక దళంలో నియామకాలు చూసే పెద్దలకు, పౌర విమానయాన శాఖకు, తెలుగు రాష్ట్రాల ఎంపీలకు,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో సీపీఎల్ విద్యార్థులకు నావిగేషన్, మెటియరాలజీ పాఠాలు చెప్తాను. సీపీఎల్ అంటే పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ పైలట్ లైసెన్స్. దుండిగల్ అంటే వైమానిక దళ పైలట్లకు శిక్షణ ఇచ్చే అకాడమీ ఉన్న చోటు. లైసెన్స్ చేతికొచ్చాక "సార్, ఎయిర్‌ఫోర్స్‌కి వెళ్ళడానికి ఇప్పుడు కుదురుతుందా?" అని అడిగే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్ళకి నేను చెప్పాల్సి వస్తున్న జవాబు గురించే ఈ ఉత్తరం. ఇదే సంగతి ఇంతకుముందు ఒక కార్యాలయానికి రాశాం, గుర్తుచేస్తూ మళ్ళీ రాశాం. "నోటిఫికేషన్‌లోని అర్హతలు చూసుకోగలరు" అని ఒక్క లైను వచ్చింది. అవి చూసుకున్నాకే కదా రాసింది! అందుకని ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాను.

సూటిగా చెప్తాను. సీపీఎల్ ఉన్నవాళ్ళు కావాలని వైమానిక దళం తన నోటిఫికేషన్‌లోనే ఒప్పుకుంటోంది. వైమానిక దళం పెట్టే ప్రవేశ పరీక్ష ఏఎఫ్‌క్యాట్ రాసి, పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచ్‌లో చేరాలంటే వయసు 20 నుంచి 24 మధ్య ఉండాలి, కానీ డీజీసీఏ ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న సీపీఎల్ ఉంటే 26 దాకా సడలింపు ఇస్తారు. యూపీఎస్సీ పెట్టే సీడీఎస్ పరీక్ష దారిలోనూ ఇంతే. బాగానే ఉంది. కానీ ఆ సడలింపుని మిగతా షరతులతో కలిపి చదివితే, ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో తీసేసుకున్నట్టే.

పోనీ మీకు పైలట్ల అవసరం లేదా అంటే ఉంది. 2024 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక ప్రకారం 2015 ఫిబ్రవరిలో వైమానిక దళానికి 486 మంది పైలట్లు తక్కువ, 2021 చివరికి ఆ లోటు 596కి పెరిగింది. 2016 నుంచి 2021 వరకు ఏటా 222 మంది ట్రైనీ పైలట్లను తీసుకోవాలనుకున్నారు, తీసుకున్నది అంతకంటే తక్కువే. ఇటు బయట చూస్తే ఒక్క 2023లోనే డీజీసీఏ 1,622 సీపీఎల్‌లు ఇచ్చింది. వాళ్ళందరికీ ఎయిర్‌లైన్స్‌లో వెంటనే ఉద్యోగాలు లేవు. టైప్ రేటింగ్‌కి, అంటే ఎయిర్‌లైన్ వాడే ఫలానా రకం విమానం మీద విడిగా తీసుకోవాల్సిన శిక్షణకి, ఇంకో పాతిక లక్షలు తేలేక, ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్న పిల్లలు నాకు తెలుసు. అక్కడ ఖాళీలు, ఇక్కడ ఖాళీగా ఉన్న పైలట్లు. మధ్యలో అడ్డం ఏముందో చెప్తాను.

1. డిగ్రీ షరతు. అన్నిటికంటే పెద్ద సమస్య ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఇంటర్ ఎంపీసీ అయిన అబ్బాయి సీపీఎల్‌కి వెళ్ళాడనుకుందాం. డీజీసీఏ అతన్ని ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్ అడుగుతుంది, క్లాస్ 1 మెడికల్ అడుగుతుంది, రెగ్యులేషన్స్, నావిగేషన్, మెటియరాలజీ, టెక్నికల్ పేపర్లు రాయిస్తుంది, ఆ తర్వాత 200 గంటలు ఎగరమంటుంది. అందులో 100 గంటలు తనే పైలట్ ఇన్ కమాండ్, అంటే విమానం పూర్తి బాధ్యత తనదే. 300 నాటికల్ మైళ్ళు, అంటే దాదాపు 555 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ ప్రయాణం, మధ్యలో రెండు వేరే ఎయిర్‌పోర్టుల్లో దిగి మళ్ళీ లేవాలి. బయట ఏమీ చూడకుండా మీటర్లు మాత్రమే చూసి నడిపే ఇన్‌స్ట్రుమెంట్ గంటలు, రాత్రి పూట 5 గంటలు. ఇదంతా చేసి 21 ఏళ్ళకి లైసెన్స్ పట్టుకుని మీ ముందుకొస్తే మీ లెక్కలో అతను ఇంటర్ పాస్, అంతే. ఏఎఫ్‌క్యాట్ దారిలో చేరాలంటే 60 శాతంతో డిగ్రీ ఉండాల్సిందే. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉంటే చాలు, ఆ డిగ్రీ బీకామ్ అయినా పర్వాలేదు, బీఏ తెలుగు అయినా పర్వాలేదు. (తెలుగు బీఏని నేనేం తక్కువ చేయడం లేదు, మా ఇంట్లోనే ఉన్నారు.) అంటే కాక్‌పిట్‌లో పనికొచ్చే చదువు కోసం పెట్టిన షరతు కాదిది, ఆఫీసరు హోదాకి డిగ్రీ ఉండాలన్న పాత పద్ధతి.

ఆఫీసరుకి డిగ్రీ ఉండాలి, ఒప్పుకుంటాను. కానీ చేరేనాటికే ఉండాలా? నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్డీయే)లో చేరే పిల్లలు ఇంటర్‌తోనే వస్తున్నారు, శిక్షణలో ఉండగానే జేఎన్‌యూ డిగ్రీ అందుకుంటున్నారు. అంతెందుకు, మీ శాఖ కిందే ఉన్న కోస్ట్ గార్డ్ 2023 బ్యాచ్‌కి ఇచ్చిన అసిస్టెంట్ కమాండెంట్ నోటిఫికేషన్ తీసి చూడండి. అందులో సీపీఎల్ ఎంట్రీ అని విడిగా ఉంది. ఫిజిక్స్, మ్యాథ్స్‌తో ఇంటర్, చెల్లే సీపీఎల్, 19 నుంచి 25 ఏళ్ళ వయసు. డిగ్రీ అడగలేదు. కోస్ట్ గార్డ్ నడిపే డోర్నియర్ 228 వైమానిక దళంలోనూ ఉంది, యెలహంకలో మీ ట్రాన్స్‌పోర్ట్ ట్రైనీలు నేర్చుకునేదీ దాని మీదే. అదే విమానం, అదే శాఖ. ఒకచోట లైసెన్స్ చాలు, ఇంకోచోట చాలదు.

2. వయసు లెక్క. 26 అని రాసి ఉంటుంది కానీ అది దరఖాస్తు పెట్టేనాటి వయసు కాదు, కోర్సు మొదలయ్యేనాటిది. 2025 రెండో ఏఎఫ్‌క్యాట్‌కి దరఖాస్తులు జూన్‌లో తీసుకున్నారు, వయసు మాత్రం 2026 జులై 1కి లెక్కవేశారు. అంటే నిజంగా ఉన్న గీత 25. ఇప్పుడు మామూలు కుటుంబంలో పిల్లల ఏళ్ళు ఎలా గడుస్తాయో చూడండి. 18కి ఇంటర్ అయిపోతుంది. బ్రోషర్‌లో సీపీఎల్ రెండేళ్ళలోపే అయిపోతుంది, నిజంలో మూడేళ్ళు పట్టడం మామూలు, ఎందుకంటే ఒక నెల విమానం రిపేర్‌లో ఉంటుంది, రెండు నెలలు వానలు, ఇన్‌స్ట్రక్టర్ మానేసి ఎయిర్‌లైన్‌కి వెళ్ళిపోతాడు, చివర్లో ఎగ్జామినర్ డేట్ దొరకదు. అప్పుడు మీ డిగ్రీ కోసం ఇంకో మూడేళ్ళు, 24 అయిపోయింది. పోనీ బీటెక్ ముందు చేసి సీపీఎల్ తర్వాత చేద్దామంటే అదీ దాదాపు 25 దగ్గరే తేలుతుంది. మా దగ్గర పాఠాలు విన్న ఒకమ్మాయి బీటెక్ మంచి మార్కులతో పాసయి సీపీఎల్‌లో చేరింది, ఎగ్జామినర్ పక్కన కూర్చుని పరీక్షించే చివరి చెక్ ఫ్లైట్ కోసం నెలల పాటు క్యూలో ఉంది, లైసెన్స్ వచ్చేసరికి మీ గీత దాటిపోయింది. ఆలస్యం ఆమెది కాదు. ఇంకా కొత్త నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా పుట్టిన తేదీ కాలమ్ చూసుకుంటుంది.

3. డబ్బు. ఇది బయటి నుంచి చూసేవాళ్ళకి తెలియదు. "లక్షలు పోసి పైలట్ అయినవాడికి మిలిటరీ ఎందుకు, వాళ్ళు డబ్బున్నోళ్ళు కదా" అంటారు. కాదండీ. సీపీఎల్ ఖర్చు ఇప్పుడు 50 లక్షల పైమాటే, మా దగ్గరికొచ్చేవాళ్ళలో పొలం అమ్మి వచ్చినవాళ్ళున్నారు, ఇల్లు బ్యాంకులో పెట్టినవాళ్ళున్నారు, నాన్న పీఎఫ్ తీసినవాళ్ళున్నారు. 50 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, 15 ఏళ్ళు అనుకుంటే నెలకి కిస్తీ దాదాపు 53,700 రూపాయలు. అకాడమీలో ఫ్లైట్ క్యాడెట్‌కి మీరిచ్చే స్టైపెండ్ 56,100. అంటే సెలెక్ట్ అయినా సరే, ఇంట్లోవాళ్ళు చేతులెత్తి వద్దనే పరిస్థితి.

పైగా "చెల్లుబాటులో ఉన్న" లైసెన్స్ అన్నారు కాబట్టి ఏఎఫ్‌క్యాట్, ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే ఇంటర్వ్యూ), మెడికల్, మెరిట్ లిస్ట్ అని ఎదురుచూసే కాలమంతా దాన్ని బతికించుకోవాలి. ఏటా మెడికల్, ఇన్‌స్ట్రుమెంట్ చెక్, మధ్యమధ్యలో గంటకి వేలు కట్టి సెస్నా లాంటి చిన్న శిక్షణ విమానం అద్దెకి తీసుకుని ఎగరాలి. ఉద్యోగం లేని 24 ఏళ్ళ పిల్లాడు ఇవన్నీ ఎక్కణ్నుంచి తేవాలి? ఆ అప్పుకి భయపడే చాలామంది విమానం మానేసి, చదివిన బీటెక్ పట్టుకుని సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోతున్నారు. దేశానికి ఒక పైలట్ తగ్గాడు, మాదాపూర్‌కి ఒక టెస్టర్ పెరిగాడు.

4. లాగ్‌బుక్‌కి, అంటే ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకానికి, విలువ లేదు. మెరిట్ అంటే ఏఎఫ్‌క్యాట్ మార్కులు, ఎస్‌ఎస్‌బీ మార్కులు. 200 గంటలు ఎగిరినవాడికీ, ఎప్పుడూ విమానం ఎక్కనివాడికీ అందులో తేడా లేదు. అదే ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ 'సి' సర్టిఫికెట్ ఉంటే రాతపరీక్షే లేదు, నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారు, ఫ్లయింగ్ బ్రాంచ్‌లో సీడీఎస్ ఖాళీల్లో 10 శాతం, ఏఎఫ్‌క్యాట్ ఖాళీల్లో 10 శాతం వాళ్ళకి కేటాయించారు. ఎన్‌సీసీ పిల్లల మీద నాకేం కోపం లేదు, వాళ్ళకి ఇవ్వాల్సిందే. మైక్రోలైట్‌లో కొద్ది గంటలు ఎగిరిన అనుభవానికి విలువ కట్టగలిగినవాళ్ళు, 200 గంటలకి ఎందుకు కట్టలేరు అన్నదే ప్రశ్న. అమెరికా వైమానిక దళంలో పైలట్ అభ్యర్థులకి ఇచ్చే పీసీఎస్ఎం స్కోరులో సివిల్ ఫ్లయింగ్ గంటలు కూడా కలుపుతారు.

5. మెడికల్. అద్దాలున్నా సీపీఎల్ వస్తుంది, మీ ఫ్లయింగ్ బ్రాంచ్‌లో మయోపియా (దూరంవి సరిగా కనబడని దోషం) ఉండి అద్దాలు పెట్టుకునేవాళ్ళకి దారి లేదు. కనీస ఎత్తు షరతు ఉంది, కాళ్ళ పొడవుకి, కూర్చున్న ఎత్తుకి కొలతలు. ఇవి మార్చమని అడగడం లేదు, యుద్ధవిమానం కాక్‌పిట్, ఇజెక్షన్ సీటు కొలతలు ఎవరి కోసమూ మారవు. కానీ ఈ సంగతి పిల్లాడికి 50 లక్షలు అయిపోయాక తెలుస్తోంది.

6. బయటి దేశాల్లో నేర్చుకున్నవాళ్ళు. మన పిల్లలు చాలామంది అమెరికా, దక్షిణాఫ్రికా, న్యూజిలాండ్ వెళ్ళి గంటలు పూర్తి చేసుకుంటున్నారు. అక్కడి లైసెన్స్ మీకు చెల్లదు, ఇక్కడికొచ్చి డీజీసీఏ లైసెన్స్‌గా మార్చుకోవాలి. ఆ మార్పిడికి పట్టే నెలలు కూడా 2వ పాయింట్‌లో చెప్పిన వయసులోంచే పోతాయి.

ఇక్కడ మీరు అనబోయేది నాకు తెలుసు. సివిల్ ఫ్లయింగ్ వేరు, మిలిటరీ ఫ్లయింగ్ వేరు అంటారు. నిజమే. సెస్నా 172లో నేర్చుకున్నవాడికి ఫార్మేషన్ (విమానాలు జట్టుగా దగ్గరగా ఎగరడం) తెలియదు, ఏరోబాటిక్స్ (గాలిలో పల్టీలు) తెలియదు, చెట్ల మీదుగా రాసుకుంటూ వెళ్ళే లో లెవెల్ తెలియదు, వేగంగా మలుపు తిరిగేటప్పుడు ఒంటి మీద జీ (ఒంటి బరువు పెరిగినట్టు పడే ఒత్తిడి) పడితే ఎలా ఉంటుందో తెలియదు. సివిల్‌లో రిస్క్ కనబడితే వెనక్కి తిరగమని నేర్పిస్తాం, మీ దగ్గర ఆ రిస్క్‌లోకే వెళ్ళి పని ముగించుకు రావాలి. కొన్ని అలవాట్లు మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టమని మీ ఇన్‌స్ట్రక్టర్లు అంటారని కూడా విన్నాను. అందుకే దుండిగల్‌లో పిలాటస్ శిక్షణ విమానం మీద మొదటి దశ తప్పించమని నేను అడగడం లేదు. అందరితో పాటు మొదటి రోజు నుంచే నేర్చుకోనివ్వండి, నెగ్గకపోతే పంపేయండి. అడిగేది లోపలికి వచ్చే అవకాశం. ఫైటర్ దారిలో వెళ్ళేవాళ్ళకి చిన్న వయసు కావాలంటే సరే. ట్రాన్స్‌పోర్ట్‌కి, హెలికాప్టర్లకి కూడా అదే గీత ఎందుకు? కొత్తగా కొంటున్న 56 సీ-295 విమానాలు రెండు టర్బోప్రాప్ ఇంజన్లవి, మన ఊళ్ళ మధ్య తిరిగే ఏటీఆర్ 72 ఇంజన్లూ అదే పీడబ్ల్యూ 127 కుటుంబం. ఏటీఆర్‌లో డెబ్బై మందిని కూర్చోబెట్టుకుని తిప్పడానికి 27 ఏళ్ళవాడు పనికొస్తాడు కదా.

ఇది కొత్త ఆలోచన కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు వైమానిక దళానికి వాలంటీర్ రిజర్వ్ పెట్టి, ఫ్లయింగ్ క్లబ్బుల్లో, సివిల్ విమానాల మీద చేయి తిరిగినవాళ్ళతోనే తీర రక్షణ ఫ్లైట్లు నడిపారు. మద్రాసు, బొంబాయి, కలకత్తా, కరాచీ, కొచ్చిన్, ఆ తర్వాత మన విశాఖపట్నం. 1947 అక్టోబరు 27న మొదలుపెట్టి శ్రీనగర్‌కి సైన్యాన్ని చేర్చిన డకోటా రవాణా విమానాల్లో ప్రైవేటు విమాన సంస్థలవీ ఉన్నాయి. 1952లో రిజర్వ్, ఆక్జిలరీ వైమానిక దళాల చట్టం తెచ్చారు, 1955 నుంచి 51 మొదలు 57 నంబరు దాకా ఏడు ఆక్జిలరీ (సహాయక) స్క్వాడ్రన్లు పెట్టారు, ఉద్యోగాలు చేసుకునే మామూలు మనుషులు తీరిక వేళల్లో వచ్చి హార్వర్డ్ విమానాలు నడిపారు. ఆ స్క్వాడ్రన్లు తర్వాత రెగ్యులర్ దళంలో కలిసిపోయాయి, చట్టం మాత్రం అలాగే ఉంది. 2010లో సచిన్ టెండూల్కర్‌కి గౌరవ గ్రూప్ కెప్టెన్ హోదా ఇచ్చినప్పుడు అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కానీ నిజంగా విమానం నడపగలిగి, నడుపుతాం మొర్రో అంటున్నవాళ్ళకి ఆ దళంలో పార్ట్ టైమ్ చోటు కూడా లేకపోవడం ఏం న్యాయం?

మేం అడిగేవి ఇవి.

1. కోస్ట్ గార్డ్ తరహాలో, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ విభాగాలకు ఇంటర్ + సీపీఎల్‌తో ఒక ప్రత్యేక ఎంట్రీ పెట్టండి. డిగ్రీ సర్వీసులో ఉండగా ఇన్నేళ్ళలో పూర్తి చేయాలని షరతు పెట్టండి, చేయకపోతే ప్రమోషన్ ఆపండి.

2. సీపీఎల్ ఉన్నవాళ్ళ వయసుని దరఖాస్తు చివరి తేదీకి లెక్కించండి. ఫైటర్ కాని విభాగాలకు 28 దాకా పెంచండి. షార్ట్ సర్వీస్ (నిర్ణీత కాలం ఉద్యోగం) 14 ఏళ్ళు కాబట్టి 28కి చేరినవాడు కనీసం 42 దాకా పనిచేస్తాడు.

3. ఎన్‌సీసీకి ఇచ్చినట్టే సీపీఎల్‌కి ఖాళీల్లో కొంత శాతం కేటాయించండి. కుదరకపోతే లాగ్‌బుక్ గంటలకు మెరిట్‌లో మార్కులైనా ఇవ్వండి.

4. ఎంపికైనవాళ్ళ విద్యా రుణానికి శిక్షణ కాలంలో వడ్డీ రాయితీతో కిస్తీలు వాయిదా వేయించండి. వాళ్ళు ఎయిర్‌లైన్స్‌కి పారిపోతారని భయమైతే దానికి తగ్గ బాండ్ రాయించుకోండి, సంతకం పెడతారు.

5. సీపీఎల్ సడలింపు కింద ఏటా ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎంతమంది ఎస్‌ఎస్‌బీ దాటారు, ఎంతమందికి చివరికి వింగ్స్ (శిక్షణ పూర్తయ్యాక ఇచ్చే పైలట్ బ్యాడ్జీ) వచ్చాయి, ఈ అంకెలు బయటపెట్టండి. సడలింపు పనిచేస్తోందో లేదో మీకూ మాకూ అప్పుడే తెలుస్తుంది.

6. పౌర విమానయాన శాఖకి ఒక మాట. ఆ శాఖ మంత్రి రామ్మోహన్ నాయుడు గారు మన శ్రీకాకుళం ఎంపీ, కాబట్టి తెలుగులో రాసినా చేరుతుందనే ఆశ. ఫ్లయింగ్ స్కూల్లో ఫీజు కట్టించుకునే ముందే వైమానిక దళం, నేవీ, కోస్ట్ గార్డ్ వయసు, డిగ్రీ, చూపు, ఎత్తు నిబంధనలున్న ఒక్క పేజీ తల్లిదండ్రుల చేతిలో పెట్టాలని ఆదేశం ఇవ్వండి. చెక్ ఫ్లైట్‌కి, లైసెన్స్ జారీకి గడువు పెట్టి, దాటితే ఆ ఆలస్యాన్ని రాతపూర్వకంగా ఇప్పించండి. వయసు దగ్గర అది ఆధారంగా పనికొస్తుంది.

7. ఆక్జిలరీ స్క్వాడ్రన్ల ఆలోచన మళ్ళీ తెరవండి. దీనికి టైం పడుతుందని తెలుసు, కమిటీ వేసినా సరే.

ఎంపీలకి ప్రత్యేకంగా: 5వ అంశం మీద పార్లమెంటులో ఒక ప్రశ్న వేయడానికి మీకు పైసా ఖర్చు లేదు. మీ నియోజకవర్గంలో సీపీఎల్ తీసుకుని ఇంట్లో ఉన్న పిల్లలు ఎంతమందో కనుక్కుంటే ఆ ప్రశ్న మీరే రాసేసుకోగలరు.

ఏఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అన్నీ ఒకేసారి కుదరవని నాకూ తెలుసు, తర్వాతి నోటిఫికేషన్‌లో కనీసం ఆ వయసు లెక్కించే తేదీ మార్చండి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. అది కూడా కుదరకపోతే ఎందుకు కుదరదో కారణం రాయండి, ఈసారి ఒక్క లైను కాకుండా.

ఇట్లు,
సీపీఎల్ పిల్లలకు పాఠాలు చెప్పే ఒక టీచరు,
హైదరాబాద్